మంచె మీద చౌడమ్మ

చౌడమ్మకు కోపమొస్తే ఊరంతా వినపడేలా అరుస్తుంది. ఆ అరుపులకు ఎవరూ భయపడరు. అరవకుండా ఊరుకుందంటేనే భయపడాలి. ఆ సంగతి చంద్రమోహన్‌కు ఆలస్యంగా తెలిసింది.

కుప్పం దాటి కొండల వైపు పోతే, అడవి మొదలయ్యే చోట ఉంటుంది వాళ్ల ఊరు. చౌడమ్మకూ మొగుడు మునెప్పకూ ఉన్నదల్లా ఒక మేకల మంద, ఒక ఆవు. ఆవు పుంగనూరు జాతిది, పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్నది. నడుమెత్తు కూడా ఉండదు. దానికి పుట్టిన పెయ్యదూడ పేరు ముత్యాలు. పిలిస్తే చాలు, వంటింట్లోకి కూడా వచ్చేసేది. చౌడమ్మ తిట్టుకుంటూనే దానికి రాగిముద్ద పెట్టేది.

తొంభై ఏడులో మదనపల్లె నుంచి చంద్రమోహన్ దిగాడు. అంతకుముందు టమోటా మండీ నడిపిన మనిషి. ఊరి పక్కనే పట్టాభూమి కొని టెంట్లు వేశాడు, ఒక ఇల్లు కట్టాడు, నీళ్ల కుంటకు ఎదురుగా ఎత్తైన మంచె లేపాడు. బెంగళూరు వాళ్లు జీపుల్లో వచ్చి, మంచె మీద కుర్చీల్లో కూర్చుని, బైనాక్యులర్లు పెట్టుకుని అడవి జంతువులను చూసిపోవాలి. అదీ అతని వ్యాపారం. మంచె ఎక్కిన ప్రతివాడికీ వేలు పెదవుల మీద పెట్టుకుని ఒకటే మాట చెప్పేవాడు: "అరవొద్దు. సద్దు చేస్తే జంతువులు రావు."

కొత్తింట్లోకి ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా. గృహప్రవేశానికి చౌడమ్మ ఆవునూ దూడనూ అడిగాడు. ఆమె పొంగిపోయింది. రెండింటినీ కడిగి, నొసట పసుపు కుంకుమలు పెట్టి, తను పేనిన కిత్తనార తాళ్లతో పట్టుకుపోయింది. పూజ అయ్యాక చంద్రమోహన్ చేతులు కట్టుకుని అడిగాడు.

"వచ్చిన పిల్లోళ్లు దూడను సూసి ముచ్చటపడతాండారమ్మా. ఈ ఒక్క పొద్దు ఈడే ఉండనీ. రేపు నేనే తోలిస్తా."

గోవు తొక్కిన గడపలో గోవుకు కీడు జరుగుతుందని ఎవరైనా అనుకుంటారా? చౌడమ్మ సరేనని ఆవును మాత్రం తోలుకొచ్చింది.

తెల్లారి దూడ రాలేదు. చంద్రమోహనే మొహం వేలాడేసుకుని వచ్చాడు. చిరుత కంచె దూకి ఎత్తుకుపోయిందన్నాడు. చౌడమ్మ ఏడ్చింది. ఏడ్చి, చివరికి తనే బాధపడింది, కొత్తింట్లో నా దూడ వల్ల అపశకునం జరిగిందే అని. ఆ ఇంటికి దిష్టి తీయమని గుమ్మడికాయ కూడా పంపింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటే ఇదే.

వారం తిరక్కముందే మేకల వెంట పోతూ కుంట గట్టున చింతచెట్టు చూసింది. మంచెకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ చెట్టు. మొదలుకు బిగించి కట్టిన తాడు ఒకటి వేలాడుతోంది, కొస తెగిపోయి, నెత్తురు ఎండి. తను పేనిన కిత్తనార తాడే. చిరుత దూడను వెతుక్కుంటూ కంచె దూకలేదు. వచ్చినవాళ్లకు చిరుతను చూపించడానికి దూడనే దానికి ఎరగా కట్టేశారు. నొసట పసుపైనా ఆరకముందే.

చౌడమ్మ అరవలేదు. తాడు విప్పుకుని ఇంటికి తెచ్చి గోడకు తగిలించింది.

ఆనాటి నుంచి కొండదారిలో జీపు దుమ్ము లేస్తే చాలు, ఆమె మంద కుంటకు కదిలేది. మేకల మెడల్లో గంటలు, ముందు కుక్క, వెనక ఆమె గొంతు. పొద్దున అదే, పొద్దుగూకేముందు అదే. దుప్పి కాదు కదా, కుందేలు కూడా ఆ ఛాయలకు వచ్చేది కాదు. బెంగళూరు వాళ్లు మేకలకు ఫోటోలు తీసుకుని, చంద్రమోహన్‌ను నాలుగు తిట్టి పోయేవాళ్లు.

అతను బతిమాలాడు, బెదిరించాడు. కుంట ఊరుమ్మడిది, ఏం చేయగలడు?

"దాహమప్పా," అనేది చౌడమ్మ. "మూగజీవాలు."

"పోనీలేవే," అనేవాడు మునెప్ప. "దూడ మల్లా వస్తాదా?"

"రాదు. అందుకే పోతాండాను."

ఆరేళ్లు అలా సాగింది. టెంట్లు చిరిగాయి, జీపులు తగ్గాయి. చివరికి క్యాంపు అమ్ముకునే గతి పట్టింది. కొనేవాడు ఆదివారం వస్తాడట, జంతువులను కళ్లారా చూస్తేనే కొంటాడట. చంద్రమోహన్ చౌడమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తప్పు చేసినానమ్మా. ఏం కావాలో అడుగు. ఆ ఒక్కనాడు మేకల్ని తోలొద్దు."

చౌడమ్మ గోడకున్న తాడు తీసింది.

"ఈ పొద్దు మేకల్ని ఇంటికాడే కట్టేస్తా. ఆ సెట్టు కింద ఈ తాడు పట్టుకోని కూసో. చీకటి పడినాక వచ్చి పిలుస్తా. ముందే లేస్తే ఆదివారం నా మంద ఆడే ఉంటాది."

"అంతేనా?" అన్నాడు అతను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరికైనా ధైర్యం ఉంటుంది.

పొద్దు వాలగానే చెట్టుకు ఆమే తాడు కట్టి, కొస అతని చేతిలో పెట్టింది.

"మెడకు కట్టనులే. నువ్వు మనిషివి గదా."

తరవాత మునెప్పను వెంటబెట్టుకుని మంచె ఎక్కింది. చంద్రమోహన్ కుర్చీలోనే కూర్చుంది. ఆరేళ్లకు కుంట సద్దుమణిగింది. ముందు నెమళ్లు దిగాయి. కాసేపటికి అవతలి గట్టున దుప్పులు వచ్చి నీళ్లలో మూతులు పెట్టాయి. మునెప్ప చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. చౌడమ్మ వాటిని చూడలేదు. ఆమె చూపంతా చింతచెట్టు మీదే ఉంది.

వెలుగు పలచబడింది. ఉన్నట్టుండి దుప్పులు తలలెత్తి పరుగు తీశాయి. పొదల వెనక కొండముచ్చు గొంతు చించుకుంది. చిరుత కదిలిందంటే కొండముచ్చు అలాగే అరుస్తుంది, ఆ సంగతి చంద్రమోహనే వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

అతను చెట్టుకు వీపు ఆనించుకున్నాడు. తాడు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మా! చౌడమ్మా! ఏదో వస్తాండాది! బిరీన రామ్మా!"

దూడ కూడా ఇలాగే పిలిచి ఉంటుంది. ఇదే మంచె మీద కూర్చుని ఇతను విని ఉంటాడు. మునెప్ప దిగబోతే చౌడమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. ఇన్నేళ్లకు ఆమె కడుపు చల్లబడింది. కిందికి వంగి, వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"అరవొద్దప్పా," అంది మెల్లగా. "సద్దు చేస్తే జంతువులు రావు."