ఏడుకొండలవాడి పేరు

మా లారీ ఏలూరు చేరేసరికి తెల్లవారింది. ఎడతెగని వాన. వెనకాల రెండు రబ్బరు బోట్లు, రెండు మోటార్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, వాటి మధ్య మేము. ఏళ్ళ తరబడి సరిహద్దుల్లో చేసిన నన్ను వరద డ్యూటీకి సొంత జిల్లాకే పంపారు. మాది కామవరపుకోట దగ్గర పల్లె, మెట్ట ప్రాంతం. నీళ్ళంటే బోరులోంచి వచ్చేవే నాకు తెలుసు. ఆ మాటే సుబేదారు గారితో అన్నాను.

"తెలుగు వచ్చుగా, చాలు," అన్నారాయన హిందీలో.

కొల్లేట్లో ఒక లంక ఊరు మాకు అప్పగించారు. రెండో బోటు పక్క ఊరికి వెళ్ళింది. మేం బడి డాబా దగ్గరికి వస్తుండగా గుర్రపుడెక్క మోటారు ఫ్యానుకి చుట్టుకుంది. ఫ్యానుని పట్టి ఉంచే పిన్ను విరిగింది. తాడు విసిరి ఎలాగో డాబా ఎక్కాం. మళ్ళీ కదులుదామని తెడ్లు వేస్తే బోటు బారెడు కూడా జరగలేదు. కాపాడటానికి వెళ్ళినవాళ్ళం వాళ్ళతో పాటే ఇరుక్కున్నాం. యూనిఫాం వేసుకుని అంత సిగ్గుపడిన రోజు నాకు ఇంకోటి లేదు.

డాబా మీద ఊరంతా ఉంది. చెరువు లీజుకు తీసుకున్నాయన గట్టు తెగి చేపలన్నీ పోయాయని తల పట్టుకున్నాడు. పంచాయతీ సెక్రటరీ మోగని ఫోను చెవికి పెట్టుకుని తిరుగుతున్నాడు. గూడెం టౌన్లో మిల్లుకి తోలిన ధాన్యం లారీలోనే మొలకెత్తుతోందని ఒక రైతు. కింద గదుల్లో బెంచీలు తేలుతుంటే, బడి మళ్ళీ ఎప్పుడు తెరుస్తామోనని హెడ్మాస్టారు. ఎవరి కష్టం వాళ్ళది, డాబా మాత్రం అందరికీ ఒక్కటే.

ఒకావిడ పిట్టగోడ వదలకుండా నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. మొగుడూ పెళ్ళాం ఆ నెలలోనే చెరువు కాపలాకి వచ్చారట, మా మెట్టవాళ్ళే. ఊళ్ళోవాళ్ళకి ఆయన పేరు తెలియదు, "మెట్టాయన" అంటారు. రెల్లు అవతల చెరువు గట్టు మీద కాపలా షెడ్డు. ఆయన చేపల మేత బస్తాలు పైకెక్కించి వస్తానని అక్కడే ఉండిపోయాడు.

మా రేడియో ఆపరేటరు రెండో బోటుకి కబురు పెట్టాడు. "మనిషి పేరు చెప్పండి, క్యాంపు లిస్టుతో సరిచూస్తాం," అని అటునుంచి అడిగారు.

"అమ్మా, ఆయన పేరేంటండీ?"

"నేనెలా చెబుతానండీ బాబూ?" అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఏడుకొండలవాడి పేరేనండి."

మావాడికేం తెలుస్తుంది, నేనే తెలుగువాణ్ణి. వెంకటేశ్వరరావు అన్నాను. కాసేపటికి జవాబొచ్చింది: "వెంకటేశ్వరరావు ఏలూరు క్యాంపులో క్షేమం. బోటు వేరే వైపు మళ్ళించాం." డాబా మీద అందరూ దండం పెట్టారు. ఆవిడ మాత్రం ఒక్కసారి గొంతు వినిపించమంది. క్యాంపులో ఆ మనిషిని పిలిపించారు.

"ఏవండీ..." అంది.

"ఎవరండీ మీరు?" అన్నాడాయన.

ఆవిడ సెట్టు నా చేతిలో పెట్టేసింది. "ఈయన ఎవరోనండి," అంది. తర్వాత కళ్ళు మూసుకుని, నాకు మాత్రమే వినబడేలా, "శ్రీనివాసరావండి," అంది. మళ్ళీ కబురు పెట్టాం. బోటు చాలా దూరం వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా రాదన్నారు.

అప్పుడు వాన కాస్త తెరిపిచ్చింది. ఆవిడ రెల్లు వైపు తిరిగి గొంతెత్తింది. "ఏవండీ!"

అవతలి నుంచి వినబడింది. "ఆఁ..."

మధ్యాహ్నమంతా అదే. ఈవిడ పిలవడం, ఆయన పలకడం. మేం సైనికులం, తాళ్ళు చేతిలో పట్టుకుని కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా పలకడం ఆగిపోయింది. ఆవిడ ఆగలేదు, పిలుస్తూనే ఉంది. ఎవరమూ ఆవిడ వైపు చూడలేకపోయాం.

చీకటి పడే ముందు రెండో బోటు వచ్చింది. అందులో దుప్పటి కప్పుకుని ఆయన.

డ్యూటీ అయ్యాక యూనిట్‌కి వెళ్ళాను. కొన్నాళ్ళకి రిటైరై ఇంటికొచ్చాను. గూడెం రైల్వే స్టేషన్లో ఏ ఆడమనిషైనా "ఏవండీ" అంటే ఇప్పటికీ తల తిప్పుతాను. ఆ సాయంత్రం బోటు డాబాకి తగలగానే ఆవిడ ఆ మాటే అంది. పలికి పలికి గొంతు ఎప్పుడో పోయింది ఆయనకి. అయినా నోరు తెరిచాడు. చప్పుడు లేకుండా, "ఆఁ" అని.