తప్పెట కింద గుండె

2023 వేసవి. చోడవరం మెయిన్ రోడ్డు మీద మాది చిన్న ఆసుపత్రి. వారానికోసారి విశాఖపట్నం నుంచి కార్డియాలజిస్టు వస్తారు. ఈసీజీలు తీయడం, మాట వినని వాళ్లను తిట్టడం నర్సుగా నా పని. రెండోది బాగా చేస్తానని పేరు.

ఆ రోజు చీడికాడ వైపు నుంచి సన్యాసయ్యను భార్య పైడమ్మ ఆటోలో తీసుకొచ్చింది. ఆయన తప్పెటగుళ్ల బృందానికి పెద్ద. రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని, దాన్ని రెండు చేతులా వాయిస్తూ ఎగిరి ఆడే ఆట అది. జాతరల్లో ఆడుతూ ఆడుతూ ఒకటి రెండుసార్లు స్పృహ తప్పాడట.

“అమ్మోరు పూనిందనుకున్నాం సిస్టరమ్మా. పసుపునీళ్లు కొట్టి హారతిచ్చేం. నిన్న చెరకు తోటలో ఊరికే నిలబడి పడిపోయేడు. అప్పుడు బయమేసింది,” అంది పైడమ్మ.

నాడి పట్టుకున్నాను. ఒక దెబ్బ కొట్టి, తర్వాతి దెబ్బకు మహా తీరుబడిగా వస్తోంది. ఈసీజీలో కంప్లీట్ హార్ట్ బ్లాక్ కనిపించింది. అంటే గుండె పైగదుల్లో పుట్టే కరెంటు కిందిగదులకు చేరడం లేదు. ఏ క్షణంలోనైనా ప్రాణం పోవచ్చు. మందులతో తీరేది కాదు, పేస్‌మేకర్ పెట్టాల్సిందే.

డాక్టరుగారు ఆయన మెడ ఎముక కింద వేలు పెట్టి చూపించారు. “ఇక్కడ చర్మం కింద బ్యాటరీ పెడతాం. దాన్నుంచి లీడ్ అనే తీగ గుండెలోకి వెళ్తుంది.”

“దాని మీద తప్పెట కట్టొచ్చా బాబూ?”

“వద్దు. అస్తమానం దెబ్బలు తగిలితే తీగ పాడవుతుంది.”

సన్యాసయ్య చొక్కా గుండీలు పెట్టేసుకున్నాడు. “అయితే నాకొద్దు. తప్పెట దించీసి బతికి ఏటి సేస్తాను?”

నాకు ఒళ్లు మండింది. “నువ్వే లేకపోతే తప్పెట ఎవరికి కడతారయ్యా?” అని కసిరి కూర్చోబెట్టాను.

డాక్టరుగారు మాత్రం కోప్పడలేదు. “ఎలా కడతారో చూపించు,” అన్నారు. సన్యాసయ్య నా స్టీలు ట్రే తీసుకుని గుండెలకు ఆనించి నెమ్మదిగా వేళ్లతో వాయించాడు. డాక్టరుగారు కాసేపు చూసి, లీడ్‌లెస్ పేస్‌మేకర్ గురించి చెప్పారు. పెద్ద క్యాప్సూల్ అంత ఉంటుంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా పంపి గుండె లోపలే అమరుస్తారు. తీగ లేదు, ఛాతీ మీద కోత లేదు. పైగా ఒంటి కదలికను పసిగట్టి, మనిషి పరిగెడితే తనూ వేగం పెంచుతుంది. ఖరీదు ఎక్కువే. బృందం వాళ్లు తలా ఓ చెయ్యి వేశారు.

ఆ రోజే విశాఖపట్నం పంపించాం. మర్నాడు ఫోన్ చేస్తే సన్యాసయ్యే ఎత్తాడు. “పెట్టేరో, మర్సిపోయేరో తెల్డం లేదు సిస్టరమ్మా. ఒంటిమీద ఎక్కడా కనబడదు!”

కొన్ని నెలల తర్వాత చెకప్‌కి తప్పెట వెంటబెట్టుకునే వచ్చాడు. డాక్టరుగారు అన్నీ పరీక్షించి “ఆడుకో” అన్నారు. అంతే, వరండాలోనే మొదలెట్టాడు. ఓపీ అంతా లేచి నిలబడింది. ఆట ఆపగానే నాడి చూశాను. చక్కగా, చురుగ్గా పరిగెడుతోంది. అంత చిన్న గుళిక ఆటకు తగ్గ వేగం అందించడం చూసి, దాన్ని కనిపెట్టిన వాళ్లకు మనసులోనే దండం పెట్టాను.

అప్పట్నుంచి గుండె జబ్బుతో ఎవరొచ్చినా, వాళ్లు బతికి ఏం చేయాలనుకుంటున్నారో కూడా అడుగుతున్నాను. వైద్యంలో అదీ భాగమేనని ఈ కేసు నాకు నేర్పింది.

ఆ రోజు వరండాలో ఆట ముగిసేసరికి పైడమ్మ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటోంది. ఇంకా ఎందుకు ఏడుస్తున్నావని అడిగాను.

“ఇన్నాళ్లూ ఎక్కడ పడిపోతాడోనని ఆడి కాళ్లే సూసేదాన్ని సిస్టరమ్మా. ఆడతన్నప్పుడు మొకం ఇయ్యాలే సూసేను.”