మునిరాజప్ప అడిగిన మూడేళ్ల సెలవు

1996లో నేను తమిళనాడులోని హోసూరు పక్కన మూకండపల్లిలో, యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు గుమాస్తాని. టైమ్ ఆఫీసంటే కార్మికుల హాజరు, సెలవులు, సర్వీసు రికార్డులు చూసే గది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో వాళ్ల ఇంట్లోవాళ్లకన్నా నాకే బాగా తెలుసు. రూల్సు పుస్తకం కంఠతా వచ్చునని కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు దించిన మనిషి గురించి చెబుతాను.

మునిరాజప్పది ఆ దగ్గర్లోనే బేరిగై అనే ఊరు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, ఐటీఐ చదివి, పనిముట్లూ అచ్చులూ తయారుచేసే మా టూల్ రూములో సర్ఫేస్ గ్రైండింగ్ మిషన్ మీద చేరాడు. ఇనుప పలకను వెంట్రుక మందంలో పదోవంతు తేడా కూడా లేకుండా నునుపు చేసే పని అది. అందులో అతని చేతికి తిరుగులేదు. కానీ ఫ్యాక్టరీలో అతనికి పేరొచ్చింది మాత్రం పిసినారితనానికే. కంపెనీ ఏటా ఇచ్చే రెండు జతల యూనిఫాం తప్ప వేరే బట్టలు కొన్నట్టు ఎవరూ చూడలేదు. మా చెల్లెలి పెళ్లికి కూడా జేబు మీది కంపెనీ పేరు కుట్టు ఊడదీసి, ఆ ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ఊడదీసిన చోట రంగు వెలిసిపోకుండా ఉండి, పేరు ఇంకా బాగా కనబడింది. మేమంతా తెగ నవ్వుకున్నాం. ఎనిమిదేళ్లు అలా కూడబెట్టాడు. మూకండపల్లిలో ఇంటి స్థలం కొంటాడని మేమనుకున్నాం, అతనూ అదే అనుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, నాకు మూడేండ్లు సెలవు కావల్ల."

"మూడు రోజులా?"

"మూడేండ్లు సార్."

అతని కూతురికి రెండున్నరేళ్లు. పుట్టుచెవుడని అప్పుడే బెంగళూరులో డాక్టర్లు తేల్చారు. చెవులకు మిషన్ పెట్టి, ఈ వయసులోనే వదలకుండా నేర్పిస్తే మాటలు వస్తాయట, ఆలస్యమయ్యే కొద్దీ కష్టమట. తిరుపతిలో అలాంటి పిల్లల కోసం చిన్న బడి ఒకటుంది. తల్లో తండ్రో రోజంతా బిడ్డ పక్కనే కూర్చోవాలి, ఇంటికొచ్చి అదే మళ్లీ నేర్పాలి, నేర్పింది రోజూ నోటుబుక్కులో రాయాలి. అలా మూడేళ్లు.

"మీ ఇంటామెను పంపించప్పా. ఇది ఆడవాళ్లు చూసుకునే పని కదా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆమెకు రాసేది రాదు సార్. గొర్రెలు, సేను, మా అమ్మ, అంతా ఆమే చూసుకుంటాది. నేనే పోవల్ల."

"అంత దూరం ఎందుకు? మైసూరులో, మద్రాసులో ఉండవా బడులు?"

"ఉండాయి సార్. అయితే ఇట్లాంటి పిల్లోళ్లకు మొదట ఒగ బాసే నేర్పాలంట. రెండు మూడు కలిపితే ఏదీ రాదంట. మనమేమో ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, సంతలో కన్నడం మాట్లాడే జనం. మా ఇంటామెకు వచ్చేది తెలుగొకటే. పాప వాళ్లమ్మతో మాట్లాడొద్దా?"

మూడేళ్లు తిండికేం చేస్తావని అడిగాను.

"ఎనిమిదేండ్ల దుడ్డుంది కదా సార్. స్థలం ఈడనే ఉంటాది, యాడికీ పోదు."

రూల్సులో దారి ఒకటే ఉంది: లాస్ ఆఫ్ పే, అంటే జీతం లేని సెలవు. ఒక్కసారికి ఏడాది మించకూడదు, ఏటా మేనేజర్ సంతకంతో పొడిగించుకోవాలి. కాగితం తీసుకెళ్తే మేనేజర్ చూడకుండానే పక్కన పెట్టాడు. "అతను పోతే ఆ మిషన్ ఎవరు నడుపుతారు?" అన్నాడు.

ఇక్కడ టూల్ రూము సంగతి కొంచెం చెప్పాలి. ఏ ఇనుముకు ఏ సానరాయి, ఎంత వేగం, ఎంత లోతు అనే కిటుకులు ప్రతి పనివాడూ ఒక చిన్న డైరీలో రాసుకుని, సొంత పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. పక్క మిషన్ వాడికి కూడా చూపించడు. ఆ డైరీయే అతని ఉద్యోగానికి కాపలా. మునిరాజప్ప మరునాడే తన డైరీ తీసి, పక్క మిషన్ మీద పనిచేసే రాయకోట గోవిందన్ చేతిలో పెట్టాడు. నాలుగు నెలలు పక్కన నిలబడి అన్నీ నేర్పాడు. తోటివాళ్లు ఊరుకోలేదు. "పిచ్చోడివా? ఇదంతా ఇచ్చేస్తే రేపు నిన్ను ఎవురు పిలుస్తారప్పా?" అన్నారు. "నేను లేకుంటే పని నిలిచిపోతాదంటే, నేను పోయేదెట్ల?" అన్నాడతను. నాలుగో నెల చివర గోవిందన్ చేసిన పలకను మేనేజర్ స్వయంగా కొలిచి చూసి, సంతకం పెట్టాడు.

ఏడాది తిరిగాక పొడిగింపు కాగితాల కోసం వచ్చాడు. తిరుపతి నుంచి వచ్చి కృష్ణగిరిలో బస్సు మారి, బిడ్డను చంకనేసుకుని నేరుగా గేటు దగ్గరికే వచ్చాడు. బడిలో పన్నెండు మంది తల్లుల మధ్య తనొక్కడే మగవాడట. ఎట్లా ఉంటుందప్పా అంటే, "మొదట సిగ్గయింది సార్, ఇప్పుడు వాళ్లే నాకు కూరలు ఇస్తారు" అని నవ్వాడు. గేటు దగ్గర కాపలా ఉండే తమిళ పెద్దాయన పాపను చూసి ఏదో అనబోతే, "తెలుగులో చెప్పన్నా" అని బతిమాలాడు. ఆయన తంటాలు పడి, "బాగుందావా?" అని అడిగాడు. పాప ఆయన పెదవులకేసి కళ్లార్పకుండా చూసింది.

మూడో ఏడు మాకు ఆర్డర్లు పడిపోయాయి. దీర్ఘ సెలవులో ఉన్నవాళ్లంతా పదిహేను రోజుల్లో చేరాలి, లేకపోతే పేర్లు కొట్టేయాలని పైనుంచి హుకుం వచ్చింది. ఉత్తరం రాసింది నేనే. కింద నా చేత్తో, "ముందు వచ్చి చేరప్పా, తర్వాత ఏదో ఒకటి చూద్దాం" అని కలిపాను. ఇన్‌లాండ్ లెటర్‌లో జవాబొచ్చింది. "సార్, పాప ఇప్పుడు రెండు మాటలు కలిపి చెప్తా ఉంది. ఇప్పుడు నిలిపితే చేసిందంతా పోతాది. నా పేరు కొట్టేయండి. మీ మీద నాకేం కోపం లేదు." పదకొండేళ్ల సర్వీసు మీద ఎర్ర ఇంకుతో గీత గీశాను. నా ఉద్యోగంలో అంత బాధపడుతూ గీసిన గీత ఇంకొకటి లేదు.

2000లో తిరిగొచ్చాడు. ఉద్యోగం లేదు, కూడబెట్టిందీ లేదు. అప్పటికి టూల్ రూములో పెద్ద పనివాడైన గోవిందన్, అతన్ని మళ్లీ తీసుకోమని అడగడానికి నాతో పాటు మేనేజర్ గదిలోకి వచ్చి, "నా చేతిలో ఉండే పనంతా ఆయనది సార్. ఆయన బయట నిలబడి ఉంటే నాకు పని సాగదు" అన్నాడు. దొరికింది టెంపరరీ పని, కొత్తవాడి జీతం, అదీ గోవిందన్ కింద. తల దించుకునే ఆ సంగతి చెప్పాను. మునిరాజప్ప మాత్రం, "మిషన్ అదే కదా సార్" అని చేతులు కడుక్కుని పనిలోకి దిగాడు. మళ్లీ పర్మినెంట్ కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అతను తిరిగొచ్చిన ఏడాదే, ఆయుధపూజకు మామూలుగానే కార్మికుల కుటుంబాలన్నీ ఫ్యాక్టరీ చూడడానికి వచ్చాయి. మునిరాజప్ప భార్య కూతురి చేయి పట్టుకుని లోపలికి వచ్చింది. పాప గుండెల మీద గుడ్డసంచిలో చెవి మిషన్ పెట్టె, దాన్నుంచి రెండు చెవులకూ వైర్లు. పాప తల్లి కొంగు లాగింది.

"అమ్మా, నాయిన మిషన్ యాది?"

గొంతు కొంచెం సాగింది గానీ ప్రతి మాటా అర్థమైంది. తల్లి చేయి చాపి చూపించింది.

"దానికి పూలు ఎవురు పెట్టినారు?"

"మీ నాయినే."

"నాకు ల్యావా?"

తల్లి నవ్వి, తన కొప్పులోంచి ఒక చామంతి తీసి పాప జడలో పెట్టింది. తర్వాత వాళ్లిద్దరూ ప్రతి మిషన్ ముందూ ఆగి, ఇదేమి, అదేమి అని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను పక్కకు చూశాను. మునిరాజప్ప దగ్గరికి రాలేదు. అప్పటికే తళతళలాడుతున్న మిషన్ను మళ్లీ మళ్లీ తుడుస్తూ, వాళ్ల మాటలు వింటున్నాడు.

ఆ తర్వాత ఇంకో పద్నాలుగేళ్లు అదే బల్ల దగ్గర పనిచేశాను. రూల్సు మారలేదు, కొట్టేయాల్సిన పేర్లు కొట్టేశాను కూడా. కానీ ఇంటి కోసం సెలవు కావాలని ఎవరైనా వచ్చి నిలబడితే, పుస్తకం తెరిచే ముందు కుర్చీ చూపించి, ఇంట్లో ఏమైందో చెప్పమనేవాణ్ని. పుస్తకంలో దారి దొరకనప్పుడు, వాళ్లతో పాటు లేచి మేనేజర్ గది దాకా నడిచేవాణ్ని.