బర్రె అరవదు

నీ పేరు అచ్చులో చూపిస్తానని ఒకావిడకు మాటిచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చూపించలేదు. మొన్న మంగళవారం పొద్దున ఆమె కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కంచన్‌బాగ్‌లో ఉద్యోగం అతనికి. డ్యూటీకి వెళ్లే వేళ, చేతిలో టిఫిన్ డబ్బా లేదు. "అమ్మ పోయింది సార్" అన్నాడు.

గౌలిపురాలో మాకు పాలు పోసిన అక్క. నాకంటే నాలుగేళ్లు పెద్ద. కొలిచి పోశాక, చెంబు లోపలికి తీసుకుపోతుంటే "ఆగు" అని ఇంకో ధార వంచేది. గడ్డిమోపు కొనేముందు ఒక పరక తుంచి వాసన చూసేది. పాలు పిండే ముందు బర్రె వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే నిలబడేది. ఎందుకని అడిగితే, "నేనే వచ్చినా అని చెప్తున్న" అంది.

ఆ రోజుల్లో నా ఉద్యోగం కొత్త పద్ధతులను పరిశీలించి రాయడం. దున్నపోతు వీర్యాన్ని ఐసు ముక్కల ఫ్లాస్కులో తెచ్చి, సూదితో బర్రెలను చూడి కట్టించే పద్ధతి అప్పుడే వచ్చింది. పట్నంలోని బర్రెలకు అది పనికొస్తుందా అన్నది నా పరిశీలన. ఆరు నెలలు సైకిల్ తొక్కాను. ఒకటీ అరా తప్ప కట్టలేదు. గల్లీలో నన్ను చూస్తే చాలు, ఎవరో ఒకరు అరుగు మీద నుంచి అరిచేవారు. "ఏం సారూ, సీసల దున్నను తెచ్చినవా? కొమ్ములెట్ల పట్టినయ్ అండ్ల?"

అక్క నవ్వలేదు. ఆమెకు నవ్వులాట కాదు అది. దూడప్పటి నుంచి పెంచిన బర్రె రెండేళ్లుగా చూడి కట్టలేదు. పాలు అడుగంటి పూటకు అరచెంబే వస్తున్నాయి. మరిది బేరగాడితో మాట్లాడేశాడు.

"ఉట్టి బర్రెకు గడ్డి దండుగ వదినా. బేస్తారం నాడు ఆయనొస్తడు, తోలేద్దాం" అన్నాడు, నా ఎదుటే.

"తోలేస్తె యాడికి పోతదో నీకెర్కలేదా? కోతకే పోతది" అని, అక్క నా వైపు తిరిగింది. "సారూ, మా బర్రెల మీద నీ సదువు, నీ ఇల్మ్ ఎందుకు పన్జేస్తలేదో గది చెప్పు."

"ఎదకొచ్చి అరిచినప్పుడే తోలుకు రమ్మన్నాను కదక్కా. మీరెవరూ వేళకి రారు."

"ఆవు అరుస్తది. బర్రె అరుస్తదా? సిగ్గుగల్లది. గది చెప్పదు, మనమే అర్సుకోవాలె."

"ఎలా తెలుస్తుంది?"

"దినాం చెయ్యి పెట్టంగనే పాలు చేపుతది. గా దినం సతాయిస్తది. గడ్డి నోట్లె పెట్టుకొని నములుడు మరుస్తది."

కొట్టం గోడ చూపించింది. బొగ్గుతో గీతలు. మామూలు రోజుకు నిలువు గీత, పాలు చేపకుండా సతాయించిన రోజుకు అడ్డగీత. రెండు అడ్డగీతల మధ్య లెక్కపెట్టాను. ఇరవై నిలువు గీతలు. మళ్లీ ఇరవై. మళ్లీ ఇరవై. నా బీరువాలో పశుపోషణ మీద రెండు భాషల పుస్తకాలున్నాయి. ఆవుల గురించి రాసినది బర్రెలకూ వర్తిస్తుందనుకొని, ఆరు నెలలు నేను ఊరంతా తప్పు చెప్పుకుంటూ తిరిగాను.

తర్వాతి అడ్డగీత బుధవారం పడాలి. బేరగాడు గురువారం వస్తాడు. మా కేంద్రం తలుపులు పదింటికి గాని తెరవరు. అందుకని మంగళవారం సాయంత్రమే ఫ్లాస్కు నింపుకొని నయాపూల్ మీదుగా అక్క ఇంటికి వచ్చేశాను. తెల్లవారి అక్క పొదుగు కింద కూర్చుంది. చాలాసేపు చెంబులో చప్పుడు లేదు. తల తిప్పి, ముఖమంతా నవ్వుతో, "సతాయిస్తున్నది సారూ!" అంది.

ఆ పూటే సూది వేశాను. మర్నాడు బేరగాడిని ఆమె గుమ్మం ఎక్కనివ్వలేదు. మూడు నెలలకు చెయ్యి పెట్టి చూసి, కట్టిందని చెప్పాను. బర్రె మెడ పట్టుకొని ఏడ్చింది. అప్పుడిచ్చాను ఆ మాట.

నివేదికలో ఆమె పేరు రాశాను, గోడ గీతల సంగతీ రాశాను. మా పెద్దసారు ఎర్ర సిరాతో కొట్టేశాడు. ముక్కుకు రుమాలు లేకుండా కొట్టంలో అడుగుపెట్టని మనిషి. "పాలమ్ముకునేదాని పేరు రాస్తే నలుగురూ నవ్వుతారయ్యా" అని, "మా పరిశీలనలో తేలినది" అని పైన రాసుకున్నాడు. దానికి ఆయనకు శాలువా కప్పారు. నేను ముందు వరసలో కూర్చొని చప్పట్లు కొట్టాను.

అచ్చయిన పుస్తకం పట్టుకెళితే అక్క చేతులు కడుక్కొని వచ్చింది. చదువు రాదు. "నా పేరేది సారూ?" అంది. మొదటి పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇదిగో" అన్నాను. పుస్తకం కళ్లకద్దుకుంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు పాలు పోసింది. ఒక్కనాడూ ఆ ధార తగ్గలేదు. ఆమెకు తెలియదనే అనుకున్నాను.

మొన్న మంగళవారం ఆమె కొడుకు సంచిలోంచి ఆ పుస్తకం తీశాడు. "అండ్ల అమ్మ పేరు లేదని నేను పదో తరగతిలనే చదివి చెప్పిన సార్. 'సారుకు చెప్పకు, బాధపడ్తడు' అన్నది. పోయేముందు ఇది మీకియ్యమన్నది."

మొదటి పేజీ తెరిచాను. ఆ వరుస మీద పసుపు బొట్టు ఉంది. ఎండి, రంగు తగ్గి, కాగితంలోకి ఇంకిపోయింది. పేరు లేదని తెలిశాక కూడా ఆమె దాన్ని తుడవలేదు.

పసుపు కింద ఉన్నది పెద్దసారు పేరు. ఇన్నేళ్లూ ఆయన్నే తిట్టుకుంటూ బతికాను. ఆయన ఆమె పేరు కొట్టేశాడు, అంతే. ఆ వరుస మీద వేలు పెట్టి చూపించింది నేను.