అమావాస్య గుమ్మడికాయ, నా ఎంబీఏ ప్రాజెక్టు

ఒక సినిమా షూటింగ్ మధ్యలో ఆగిపోవాలంటే వాన రావాలి, లేదా హీరోకి జ్వరం రావాలి, లేదా నిర్మాతకీ దర్శకుడికీ మాటలు లేకుండా పోవాలి. మా సినిమాకి ఇవేవీ అవసరం రాలేదు. నేనూ, ఒక గుమ్మడికాయా కలిసి ఆ పని చక్కబెట్టేశాం. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ రోజు అక్కడ ఒక్కరూ నవ్వలేదు, ఆ లోటు మీరైనా తీర్చండి.

అప్పట్లో నేను వ్యాపార నిర్వహణనీ ఐటీనీ కలిపి నేర్పే ఎంబీఏ చదువుతున్నాను. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, కంప్యూటర్ వాళ్ళ దగ్గర మేనేజ్‌మెంట్ మాటలు, మేనేజ్‌మెంట్ వాళ్ళ దగ్గర కంప్యూటర్ మాటలు మాట్లాడొచ్చు. ఇద్దరికీ అర్థం కాదు కాబట్టి ఇద్దరూ తలూపుతారు. చివర్లో మాత్రం ఏదైనా సంస్థలో ప్రాజెక్టు చేసి, యజమాని సంతకంతో సర్టిఫికెట్ తేవాలి. అది లేకపోతే వైవాకి రానివ్వరు. వైవా లేకపోతే డిగ్రీ లేదు. శ్రీనగర్ కాలనీలో మా పక్కింటాయన సినిమా నిర్మాత. అమ్మ వెళ్ళి అడిగింది.

"దానికేం భాగ్యమండీ, పంపించండి. మా ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుంటుంది" అన్నారాయన.

నేను ఆ ఫ్యాన్ కిందే కూర్చుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ ఆఫీసులో నేను వెంటనే ఒక సమస్య కనిపెట్టాను. షూటింగ్ ముగిసిన సంగతి అందరికీ ఒకేసారి తెలియదు. అంతా అయిపోయిన మర్నాడు కూడా క్యారవాన్ వచ్చి నిలబడుతుంది, వంటవాళ్ళు భోజనాలు పట్టుకొస్తారు. అందుకని షూటింగ్ ముగియగానే అందరి ఫోన్లకీ దానంతటదే మెసేజ్ వెళ్ళే ఏర్పాటు చేద్దామనుకున్నాను. అయితే ముగిసిందని కంప్యూటర్‌కి తెలిసేదెలా?

దర్శకుణ్ణి అడిగాను. "సినిమా అనేది ఎప్పటికీ పూర్తి కాదమ్మా" అని ఆయన కిటికీలోంచి దూరంగా చూశాడు. నిర్మాతని అడిగాను. "నన్నడుగుతావేంటమ్మా, నేనే రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను" అన్నారు. చివరికి ప్రొడక్షన్ మేనేజర్ మల్లేశన్న దగ్గరికి వెళ్ళాను. ఆయనది రహమత్ నగర్. సెట్‌లో గుండుసూది నుంచి జనరేటర్ దాకా అన్నీ తెప్పించేది ఆయనే.

"గిది గూడ అడుగుతరా చెల్లె? షురూ జేసిన్నాడు కొబ్బరికాయ, ఖతమైన్నాడు గుమ్మడికాయ. గుమ్మడికాయ కొట్టిన్రంటే సినిమా ఐపోయినట్టే!"

"పక్కానా అన్నా?"

"పక్కా. ఎన్ని సినిమాలకు కొట్టిన్నో నాకే యాదికి లేదు."

నా ఆనందం చూడాలి మీరు! మూడు సెమిస్టర్లుగా మా ప్రొఫెసర్ గారు "కొలవగలిగేది ఒకటి పట్టుకోండి" అని మొత్తుకుంటున్నారు. గుమ్మడికాయ కంటే కొలవగలిగేది ఏముంటుంది? మల్లేశన్న ఏది కొన్నా ఫోన్‌లో ఉన్న ఆఫీసు లెక్కల యాప్‌లో ఎక్కిస్తాడు. అందులో గుమ్మడికాయ పడితే చాలు, సినిమా పూర్తయినట్టు. అంతే, మెసేజ్‌లు వెళ్ళిపోయేలా ప్రోగ్రాం రాసి పెట్టాను.

ఇక్కడ మా హీరో గారి గడ్డం గురించి చెప్పాలి. పగ తీరేదాకా గడ్డం తియ్యనని శపథం పట్టినవాడి కథ అది. ఆయన నిజంగానే నెలల తరబడి పెంచాడు. కనపడినప్పుడల్లా "ఎప్పుడైపోతుందమ్మా ఇది? దురదతో చచ్చిపోతున్నాను" అని గోక్కునేవాడు. నాకు జాలేసింది. అందుకే నటీనటుల మెసేజ్‌లో చివర ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను. "షూటింగ్ విజయవంతంగా ముగిసింది. మీ సహకారానికి కృతజ్ఞతలు. ఇక మీరు మీ మామూలు రూపానికి మారిపోవచ్చు."

ఆ రోజు జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో షూటింగ్. పగ ఇంకా తీరలేదు. క్లైమాక్స్ మొత్తం మిగిలే ఉంది. హీరో గారికి మధ్యాహ్నం నుంచి పని. నేను నీడలో కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచేసరికి క్యారవాన్ గేటు దాటి వెళ్ళిపోతోంది. దాని వెనకే భోజనాల వ్యాను. బంగళా ఓనరమ్మ మనుషుల్ని పెట్టి సోఫాలు లోపలికి మోయిస్తోంది. లైట్ల వాళ్ళు వైర్లు చుట్టేస్తున్నారు.

"పేకప్ ఎవడు చెప్పాడ్రా?" అని దర్శకుడు అరిచాడు.

"మెసేజొచ్చింది సార్. కృతజ్ఞతలు గూడ చెప్పిన్రు" అన్నాడు లైట్‌మ్యాన్.

యాప్ తెరిచి చూస్తే, ఉంది. ఒక గుమ్మడికాయ.

"మల్లేశన్నా! గుమ్మడికాయ ఎందుకు కొన్నావ్?"

"ఇయ్యాల అమాస గద చెల్లె. కెమెరాకు దిష్టి తియ్యొద్దా?"

"అమావాస్యక్కూడా కొడతారని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సినిమా ఎప్పుడైతదని అడిగినవ్. అమాస ఎప్పుడైతదని అడిగినవా?"

అమావాస్య మా సిలబస్‌లో లేదు. ఇంతలో నిర్మాతకి అసలు సంగతి తట్టింది. "హీరో గారికి కూడా వెళ్ళిందా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన ఫోన్ చేసేలోపే గేటు దగ్గర కారు ఆగింది.

హీరో గారు దిగారు. చేతిలో స్వీట్ బాక్స్. మొహం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది.

"ఆ మెసేజ్ పెట్టిన అమ్మాయి ఎవరండీ? చల్లగా ఉండాలి! ఎంత హాయిగా ఉందో!" అని నాకే మొదటి లడ్డూ ఇచ్చాడు. తీసుకున్నాను. తీసుకోకపోతే బాగుండదు కదా. నిర్మాత నన్నూ లడ్డూనీ మార్చి మార్చి చూశారు. దర్శకుడు బంగళా మెట్లమీద కూలబడి రెండు చేతులతో తన సొంత గడ్డం పట్టుకున్నాడు.

ఆ తర్వాత క్లైమాక్సంతా అతికించిన గడ్డంతో తీశారు. ఆ జిగురు దురద ముందు సొంత గడ్డం దురద దేనికీ పనికిరాదని హీరో గారు నాకు రోజూ చెప్పేవాడు. ఎట్టకేలకు నిజంగానే షూటింగ్ ముగిసి, మల్లేశన్న గుమ్మడికాయ కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హీరో గారు మాత్రం గడ్డం మీద చెయ్యి వేసి నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మా, ఇది ఏ గుమ్మడికాయ?"

"అసలుదే సార్, మా అమ్మ మీద ఒట్టు."

"కేలెండర్ చూశావా?"

చూపించాను. అప్పుడు గానీ ఆయన గడ్డం పీకలేదు.

ఇక సర్టిఫికెట్. సిగ్గు చంపుకుని నిర్మాత బల్ల ముందు నిలబడ్డాను. సంతకం పెట్టరనే అనుకున్నాను. ఏడాది పోయిందని అమ్మకి ఎలా చెప్పాలా అని ఏడుపొస్తోంది.

"ఏం రాయమంటావమ్మా?"

"మీకు ఏది నిజమనిపిస్తే అది రాయండి అంకుల్" అన్నాను.

ఆయన ఒకే వాక్యం రాసి సంతకం పెట్టారు. వైవాలో ప్రొఫెసర్ గారు దాన్ని పైకి చదివారు. "ఈ అమ్మాయి మా సినిమాని మేము అనుకున్నదాని కంటే చాలా ముందుగానే పూర్తి చేసింది."

గదిలో అందరూ తలెత్తి చూశారు. "భేష్! సినిమా వాళ్ళ చేత ముందే పూర్తి చేయించావా? ఎలా సాధ్యమైంది?"

"గుమ్మడికాయతో సార్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తలూపారు.

డిగ్రీ వచ్చింది. అయినా ఆ రోజే నేనూ ఒక శపథం పట్టాను. నాకు గడ్డం పెంచే వీలు లేదు కాబట్టి గుమ్మడికాయ ముట్టడం మానేశాను. అమ్మ గుమ్మడి వడియాలు పెట్టినా సరే, ముందు కేలెండర్ చూసి, చుట్టుపక్కల ఎవరి సినిమా షూటింగూ లేదని తేల్చుకున్నాకే వంటింట్లోకి అడుగు పెడతాను.