మూడూళ్ల ఆటను చంపింది మేమే

మా డ్రిల్లు మాస్టరు మొన్న గురువారం పొద్దున కన్నుమూశారు. ఆదివారం బడి కమిటీవాళ్లు సంతాపసభ పెట్టి, ‘మన హాకీని పట్నం దాకా తీసుకుపోయిన మహానుభావుడు’ అన్నారు. పచ్చి అబద్ధం! పట్నం పోటీలు వద్దని ఆ కమిటీ ముందే చేతులు జోడించిన మనిషి ఆయన. నాకు ఒళ్లు మండిపోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదువుకునే రోజుల్లో మా బడి ఏటా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడులతో ఆడేది. ఆట ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పిల్లల ఇళ్లలోనే పైఊరి పిల్లలకు భోజనం. అందులోనూ మాస్టరుదొక పద్ధతి: మైదానంలో ఎవడికి అడ్డం పడ్డావో వాడింట్లోనే తినాలి. “మోకాలు పగలగొట్టినవ్ గద బేటా. ఇగ పోయి వాళ్లమ్మకు మొఖం చూపెట్టు” అనేవారు. అందరూ తిన్నారా అని ఇల్లిల్లూ తిరిగి అడిగితే గాని తాను ముద్ద ముట్టేవారు కాదు.

గద్వాలలో నా జోడీ ఒక టాంగా తోలే సాయెబు కొడుకు. వాళ్లమ్మ వేడివేడి జొన్నరొట్టె, పుంటికూర పెట్టి కొసరికొసరి తినిపించేది.

ఆ సంగతి మా ఇళ్లలో తెలిసింది. కాపుబిడ్డలు ఎక్కడ పడితే అక్కడ తింటున్నారని గొణుగుడు మొదలైంది. ఆ మాట పైకి అనడానికి మొహం చెల్లక, ఈ చిన్న ఊళ్లతో ఆడితే మన ఆట పెరగదనీ, పట్నం బడుల పోటీల్లో చేరాలనీ కమిటీ పెద్దలు ఎత్తుకున్నారు. వాళ్లలో మా నాయనా ఒకడు.

కెప్టెన్నని నన్ను కమిటీ ముందుకు పిలిచారు. “ఉన్నదున్నట్టు చెప్పు బేటా, గంతే” అన్నారు మాస్టరు. నేను నాయన మొహం చూసి, “ఇక్కడ మాకు పోటీయే లేదు” అన్నాను. అంతకు నెల ముందే నాగర్‌కర్నూలువాళ్లు మమ్మల్ని చిత్తుగా ఓడించారు.

బయటికొచ్చాక ఆయన తిట్టలేదు. “భయపడ్డవ్. నాకు తెల్సు. ఇంటికి పో” అన్నారు. చెంప పగలగొట్టినా బాగుండేది.

పట్నంలో మొదటి ఆటలోనే ఓడాం. తిరుగు రైల్లో ఎవరి మూట వాళ్లు విప్పుకుని, తలో పక్కకు తిరిగి తిన్నాం. నేను రొట్టె ఇవ్వబోతే మాస్టరు “ఆకలైతలేదు” అన్నారు. పట్నంవాళ్లు ఒక్కనాడూ మా ఊరికి రాలేదు. మూడూళ్లతో ఆటలు మానేశాం, మా మైదానంలో మళ్లీ ఆట జరగలేదు. కమిటీ మాత్రం పట్నం పేరు చెప్పుకుని మీసాలు దువ్వుకుంది. వాళ్ల మీద కోపం సరే, నా మీద నాకున్న కోపం మాటేమిటి?

ఆయన పోయిన మర్నాడు, శుక్రవారం నమాజు తర్వాత, మాస్టరును మోసుకుని జనాజా లేచింది. కమిటీ నుంచి ఒక్కడూ రాలేదు. మూడూళ్ల పాత ఆటగాళ్లు మాత్రం వచ్చారు. ముందుకు పోయే మొహం లేక నేను అందరికన్నా వెనక నడుస్తున్నాను. జనాజా మోస్తున్న టాంగా సాయెబు కొడుకు తిరిగి చూశాడు.

“గాడ ఏం జేస్తున్నవ్? రా, భుజం పట్టు” అని పక్కకు జరిగాడు.

పట్టాను. పది అడుగులైనా వేశానో లేదో, నాగర్‌కర్నూలు ఆటగాడొకడు తన వంతు మోయడానికి వచ్చి భుజం ఆనించాడు. నా భుజం ఖాళీ అయింది. జనాజా నన్ను దాటి ముందుకు సాగిపోయింది.