నల్లపెట్ట మెడ కింద గడ్డ

మొన్న కళ్లు చూపించుకోవడానికి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోతుంటే, నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఒక బుట్ట, బుట్టలో కోడి. కోడి మెడ కింద నిమ్మకాయంత వాపు. పశువుల దవాఖానాకు తీసుకుపోతున్నానంది. నా చెయ్యి ఊరుకోలేదు. "పొద్దున మేత పెట్టకముందు కూడా ఇట్లే ఉన్నిందా?" అని అడుగుతూ వేలితో నొక్కి చూశాను. ఆవిడ బుట్టను అటువైపుకు జరుపుకొని, దిష్టి పెట్టేదాన్ని చూసినట్టు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. కాపురానికి వచ్చిన మొదటి వేసవి అట్లాంటి చూపుల మధ్యనే గడిచింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని పత్తి మిల్లులో పనిచేసే మా నాన్న నన్ను ఎమ్మిగనూరు మగ్గాల ఇంటికి ఇచ్చాడు. బేళ్లకు బేళ్లు పత్తి చూస్తూ పెరిగాను గాని, అదే పత్తి నూలయ్యాక ఎన్ని తిప్పలు పెడుతుందో అక్కడికి పోయాకే తెలిసింది. మా మామ, ఆయన తమ్ముడు ఇల్లు పంచుకున్నారు. నడుమ ఒక గోడ, గోడలో ఒక చిన్న తలుపు. పంపకాలైనా పని మాత్రం కలిసే చేసేవాళ్లు. వీధి పొడుగునా పడుగు పరిచి గంజి పట్టించాలంటే రెండిళ్ల చేతులూ కావలసిందే. మా అత్తకు, ఆ పక్కనుండే చిన్నత్తకు మాత్రం పొసగేది కాదు. వాళ్ల పోట్లాటల్లో సగానికి కారణం మా అత్త నల్లపెట్ట. అది గోడెక్కి దూకి, చిన్నత్త ఎండబోసిన జొన్నలను కాళ్లతో చిమ్మి వచ్చేది. "ఇంకోసారి వస్తే మెడ తిప్పి పారేస్తా" అని చిన్నత్త ఒకరోజు గోడ మీదుగా అరిచింది.

వారం తిరక్కుండానే నల్లపెట్ట మెడ కింద గడ్డ లేచింది. మేత ముట్టకుండా, రెక్కలు వాల్చి, కళ్లు మూసుకొని మూలన నిలబడేది. మా అత్త పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది, ఆముదం రాసింది. గడ్డ తగ్గలేదు సరికదా వెలక్కాయంత అయింది. "అన్నట్టే సేసింది సూడు. రాయి ఇసిరిందో, సూదే గుచ్చిందో" అని గోడ వైపు చూస్తూ, అవతలికి వినపడేటంత గొంతుతో అనేది. అంతలోనే నా వైపు తిరిగేది. "నువ్వేం పెట్టినావే దీనికి?"

"జొన్నలే అత్తా."

"జొన్నలకు గడ్డ లేస్తాదా?"

పొద్దున్నే కోళ్ల గంప ఎత్తేదాన్ని నేనే కాబట్టి, నేను దొడ్లోకి పోతే ఆమె చూపు నా వెనకే వచ్చేది. మా మామ రెండు రోజులు చూసి, ఊరికే చావడం ఎందుకు, కోసి కూర చేసుకుందామన్నాడు.

ఆ మాట గోడ దాటింది. చిన్నత్త తలుపు తోసుకొని వచ్చింది. "కొయ్యొద్దు అక్కా. మా అమ్మగారింట్లో ఒకదానికి ఇట్లే అయింటే మా అవ్వ బాగు సేసింది" అని, పిలవకుండానే కోడిని ఒళ్లోకి తీసుకుంది. వాపును నొక్కింది. పిండిముద్దలాగా వేలు దిగి, గుంట అట్లాగే నిలిచింది. ముక్కు తెరిచి వాసన చూసి మొహం చిట్లించింది. "పులిసిన వాసన. ఇది గడ్డ కాదు, మేత తిత్తి. రాత్రికంతా అరిగి, పొద్దున్నకు ఖాళీ అయ్యుండల్ల. ఏందో అడ్డం పడింది." నూనె తాగించి మెల్లగా పిసికినా కదల్లేదు. ఇక గాటు పెట్టి తియ్యక తప్పదంది.

మామ గడ్డం గీసుకునే కొత్త బ్లేడును కాగిన నీళ్లలో ముంచాం. ఈకలు పీకిన చోట వేలెడంత గాటు పెడుతుంటే, కోడిని పట్టుకున్న మా అత్త కళ్లు గట్టిగా మూసుకుంది. చిన్నత్త తిత్తిలోంచి లాగిన ముద్దను నేను చూశాను. గంజి పట్టిన ఎర్ర నూలు పోగులు, జడలాగా చుట్టుకొని ఉన్నాయి. ఊడ్చిన పోగులను వీధి చివర కుప్పలో వెయ్యాలి. అక్కడ కూర్చునే మగవాళ్ల ముందు నుంచి పోవడానికి సిగ్గుపడి, నేను వాటిని దొడ్డి మూలన పారబోసేదాన్ని. గంజి రుచికి పెట్ట వాటిని మింగింది. చిన్నత్త నా మొహం చూసింది. నేను పారబొయ్యడం గోడ అవతల నుంచి ఎప్పుడో చూసే ఉంటుంది. ముద్దను చప్పున కొంగులోకి తోసి, "గడ్డి అక్కా, గడ్డి" అంది. ఉప్పునీళ్లతో కడిగి, లోపలి పొర వేరుగా, పైతోలు వేరుగా పట్టుదారంతో కుట్టి, పసుపు అద్ది వెళ్లిపోయింది.

పెట్ట మూడో రోజుకు లేచి మజ్జిగన్నం తినింది. అనుమానం మాత్రం మానలేదు, ముదిరింది. కోత చివర్లో మా అత్త ఒక కన్ను తెరిచి, ముద్దను కొంగులోకి తొయ్యడం చూసిందట. "గడ్డి అయితే కొంగులో దాస్తాదా? పెట్టింది అదే, తీసింది అదే. సేతబడి కాకపోతే ఆ మందు దానికెట్ల తెలుస్తాది?" అని మామ చెవిలో పోరు పెట్టింది. నేను వింటూ రొట్టెలు కాల్చాను. నోరు తెరిస్తే పుట్టింటికి పంపుతారని భయం. నాలుగో రోజు పొద్దున మామ బురద తొక్కి, రాళ్లు తెచ్చి, నడిమి తలుపు మూసేయడానికి మొదటి వరస పేర్చాడు. అవతల చిన్నత్త నిలబడి చూస్తోంది. ఒక్కమాట అంటే చాలు తాను బయటపడుతుంది, అయినా అనలేదు.

"ఆపు మామా. పోగులు పారబోసింది నేను. చిన్నత్త కొంగులో దాచింది నా తప్పు" అన్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మా అత్త నా వైపు తిరిగింది. "ఆ పొద్దే సెప్పల్నా, వద్దా?" అంది, అంతే. మామ చేతులకున్న బురద చూసుకొని, "కలిపిన మట్టి ఏం సేయల్ల ఇప్పుడు?" అన్నాడు. చివరికి దాన్ని అరుగు పగుళ్లకు పూశాడు. మా అత్త ఆ ఒక్క వరస రాళ్ల మీదుగా కాలెత్తి అవతలికి పోయింది. అక్కడి పొయ్యి దగ్గర కూర్చొని, పిండిముద్ద తీసుకొని రొట్టె తట్టడం మొదలుపెట్టింది. చిన్నత్త పెనం ఆమె వైపు జరిపింది. వాళ్ల మధ్య క్షమాపణ అంటే అంతే.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. నా కాపురంలో ఎన్నో ఏళ్లు ఎట్లా గడిచాయో చెప్పమంటే చెప్పలేను గాని, నోరు మూసుకొని రొట్టెలు కాల్చిన ఆ నాలుగు రోజులను మాత్రం పూటపూటా చెప్పగలను.